పొయ్యి చుట్టూ పంక్తి

ఇనుప బకెట్టు నిండా కణకణలాడే నిప్పులు మోసుకుంటూ ఓ కుర్రాడు బల్లల మధ్య సందులోంచి వడివడిగా వస్తున్నాడు. దారిలో కూర్చున్నవాళ్లు మాటలు ఆపకుండానే మోకాళ్లు పక్కకి జరుపుకుంటున్నారు. మా అత్తయ్య మాత్రం చటుక్కున మనవణ్ణి తన వైపు లాక్కున్నారు. కుర్రాడు మా దగ్గర ఆగి, ఆవిడకేసి నవ్వి, బల్ల నడుమ గుండ్రంగా కోసిన గుంటలోని మట్టి కుంపటిలో నిప్పులు కుమ్మరించాడు. బోర్లించిన మూకుడులాంటి సత్తు పెనం ఒకటి దాని మీద పెట్టి, ఇంకో బకెట్టు కోసం పరుగెత్తాడు.

"కుంపటేరా ఇది!" అన్నారు అత్తయ్య. థాయిలాండ్‌లో దిగాక ఆవిడ గొంతులో అంత సంతోషం వినడం అదే మొదలు. "మా అమ్మ పాలు కాచేది దీనిమీదే."

సంక్రాంతి వెళ్లిన వారానికి రాజమండ్రి నుంచి బయల్దేరాం. మా మరిది బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లయింది. ప్రతి ఏడూ "రామ్మా, రామ్మా" అని పిలుస్తూనే ఉన్నాడు, ఈవిడ ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేస్తూనే ఉన్నారు. అసలు వంక తిండి. "అక్కడ ఏం తింటారో, అందులో ఏం కలుపుతారో" అన్నది ఆవిడ భయం. కోడి, చేప, రొయ్య తింటారు గానీ పంది, గొడ్డు మాంసాలు ముట్టరు. అందుకని ఆవకాయ సీసా, కందిపొడి, చింతకాయ పచ్చడి, రెండు కిలోల అటుకులు పెట్టెలో సర్దుకుని గానీ విమానం ఎక్కలేదు.

బ్యాంకాక్‌లో నాలుగు రోజులూ ఆ పొడే ఆవిణ్ణి కాపాడింది. ఒక రోజు పెద్ద మాల్‌లో "సుకీ" తినిపించాడు మరిది. ప్రతి బల్లకీ ఒక కరెంటు పొయ్యి, దాని మీద మరిగే చారు, అందులో మనమే కూరగాయలూ మాంసమూ ముంచుకుని తినడం. పేరు జపాన్ వాళ్ల సుకియాకి నుంచి వచ్చింది, వంట తీరు మాత్రం చైనా వాళ్ల మరిగే కుండది. సుకీకి పేరుపడ్డ కోకా అనే హోటలు 1957లో బ్యాంకాక్‌లో మొదలైంది. ఊరూరా కొమ్మలు వేసిన ఎంకే తన మొదటి సుకీ దుకాణం తెరిచింది 1986లో. ఆ మాల్‌లో అత్తయ్య పాలకూర లాంటి ఆకులు నాలుగు తిని, నిమ్మరసం తాగి, ఇంటికొచ్చి అటుకులు నానేసుకున్నారు. హోటలు తప్పేం లేదు. చుట్టూ గాజు, చల్లగాలి, మెరిసే బల్లలు. అంత శుభ్రంగా, అంత ముట్టుకోకుండా తినడం ఆవిడకి తిండిలా అనిపించలేదు. నాకు అర్థమైంది అదే.

చియాంగ్ మాయ్‌కి రాత్రి రైల్లో వెళ్లాం. ఉత్తరంగా ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారుతుండగా అడవి కొండలు, వాటిని తొలుచుకుంటూ 1352 మీటర్ల ఖున్ తాన్ సొరంగం. మావాడు ఆ సొరంగం కోసం నాలుగింటికే లేచి కిటికీ దగ్గర కాపు కాశాడు. మెంగ్రాయ్ అనే రాజు 1296లో కట్టించిన ఊరు ఇది. చియాంగ్ మాయ్ అంటేనే కొత్త పట్నం. ఏడు వందల ఏళ్లు దాటినా పేరులో కొత్తదనం పోలేదు. పాత ఊరి చుట్టూ నలుపలకల కందకంలో ఇప్పటికీ నీళ్లున్నాయి. పడమట దోయ్ సుథేప్ కొండ, దాని మీద బంగారు స్తూపం. పగలంతా గుళ్లు తిరిగాం. వాటి గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

సాయంత్రం ఎర్ర బండి ఎక్కాం. వెనకాల ఎదురెదురుగా రెండు బెంచీలున్న ట్రక్కు అది, మన ఊళ్ల సర్వీసు ఆటోలా అందర్నీ ఎక్కించుకుంటూ పోతుంది. డ్రైవరు ముసలాయన. అత్తయ్యని చెయ్యి పట్టి ఎక్కిస్తూ ఏదో అడిగాడు. "కిన్ ఖావ్ రు యాంగ్?"

"ఏమంటున్నాడ్రా?"

"అన్నం తిన్నావా అని అడుగుతున్నాడమ్మా. ఇక్కడ పలకరింపు అది."

అత్తయ్య ఆయనకేసి తిరిగి, తెలుగులోనే, "ఇంకా లేదు బాబూ, అక్కడికే వెళ్తున్నాం" అని జవాబిచ్చారు. ఆయన తల ఊపాడు. మా వీధిలో సాయంత్రం పూట గుమ్మం ముందు నుంచి ఎవరు వెళ్లినా ఈవిడ వేసే మొదటి ప్రశ్న "భోజనాలయ్యాయా" అన్నదే. ఇంకా ఎన్ని మాటలో మరిది చెబుతూ వచ్చాడు. తిండిని వీళ్లు "ఆహాన్" అంటారు, మన ఆహారమే. భాషని "ఫాసా" అంటారు. దణ్ణం పెట్టి చెప్పే "సవాత్దీ" మన "స్వస్తి" నుంచే పుట్టింది. పంచదారని "నామ్ తాన్" అంటారు. నామ్ అంటే నీళ్లు, తాన్ అంటే తాళ వృక్షం. తాటి నీళ్లన్నమాట. తాటి బెల్లం మరిగే పల్లెలో పుట్టిన అత్తయ్య ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నారు.

హోటలంటే హోటలు కాదు. పాత ఊరు దాటి విశ్వవిద్యాలయం వైపు వెళ్లే దారిలో, గోడలే లేని పెద్ద రేకుల షెడ్డు. కింద సిమెంటు నేల, వందల బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన తిరిగే పంకాలు. ఒక మూల వేదిక మీద ఇద్దరు కుర్రాళ్లు గిటారు వాయిస్తూ పాడుతున్నారు. కాలేజీ పిల్లల గుంపులు, పుట్టినరోజు కేకు పెట్టుకున్న ఓ కుటుంబం, యూనిఫాం విప్పకుండానే వచ్చేసిన ఆఫీసువాళ్లు. ప్రతి బల్ల మధ్యలోంచీ సన్నగా పొగ లేస్తోంది. వెల్లుల్లి, నువ్వుల నూనె, కాలే కొవ్వు, బొగ్గు కలిసిన వాసన వీధి మలుపు దగ్గరే మాకు ఎదురొచ్చింది.

మనిషికి 259 బాట్లు. మన లెక్కలో 650 రూపాయలు దాటుతుంది. తినగలిగినంత తినొచ్చు. పిల్లలకి వయసు లెక్క లేదు, ఎత్తు లెక్క. గుమ్మంలో గోడకి కొలబద్ద గీసి ఉంది. మావాడు నిటారుగా నిలబడి, మడమలు కొంచెం పైకెత్తి కూడా, సగం ధర గీత దాటలేకపోయాడు. "నేను ఫుల్ టికెట్టే తింటాను" అని లోపలికి వెళ్లే దాకా అంటూనే ఉన్నాడు.

ఈ వంటని "మూ క్రథా" అంటారు. మూ అంటే పంది, క్రథా అంటే పెనం. మాటల్లో ఆ రకారం జారిపోయి "మూ కథా" అయిపోతుంది. "ఏం కథరా?" అని నవ్వారు అత్తయ్య. ఆ తర్వాత పేరు ఎప్పుడు వినపడినా ఆవిడకి నవ్వే. ఒకప్పుడు దీన్ని కొరియా కాల్పుడు మాంసం అని పిలిచేవారట. పక్కనున్న లావోస్‌లో ఇదే వంటని "సిన్ దాత్" అంటారు. పెనం ఆకారం చూస్తే జపాన్‌లో గొర్రె మాంసం కాల్చే గుమ్మటం పెనం గుర్తొస్తుందని మరిది అన్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందన్న వాదం ఎలా ఉన్నా, ఈ షెడ్డులో కూర్చుంటే ఇది ఈ ఊరి తిండే.

పేరులోనే పంది ఉంది కాబట్టి అసలు చిక్కు అక్కడే. ఒకే పెనం మీద పంది మాంసమూ కోడీ కలిపి కాలిస్తే అత్తయ్య ముట్టరు. మరిది ముందే ఆలోచించుకున్నాడు. వడ్డన చూసే అమ్మాయిని పిలిచి రెండు పెనాలు, రెండు కుంపట్లు కావాలన్నాడు. అత్తయ్య తను నేర్చుకున్న ముక్క తనే చెప్పారు. "మై కిన్ మూ, ఖా." పంది తిననండీ అని. ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి, మారు మాట్లాడకుండా పక్క బల్ల జరిపి మా బల్లకి కలిపింది. పెనం ఎక్కగానే గుమ్మటం నెత్తిన పంది కొవ్వు ముక్క ఒకటి పెట్టడం ఇక్కడి పద్ధతి. అది కరిగి చుట్టూ జారితే మాంసం అంటుకోదు. రెండో పెనానికి ఆ కొవ్వు బదులు వెన్న బిళ్ల తెచ్చింది. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ వింతగా చూడలేదు. తిండి దగ్గర మనిషికి ఓ కట్టుబాటు ఉంటుందని వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇక ఆ పెనం. మధ్యలో గుమ్మటంలా లేచి ఉంటుంది. నెత్తి నుంచి కిందికి సన్నటి గాళ్లు. అంచు చుట్టూ లోతైన కాలవ. ఆ కాలవలో కెటిల్‌తో పలచటి చారు పోస్తారు. గుమ్మటం మీద మాంసం కాలుతుంటుంది, కాలవలో కూరాకులు ఉడుకుతుంటాయి. మాంసంలోంచి ఊరిన రసం గాళ్ల వెంట జారి చారులో కలుస్తుంది. వేరే ఎవరూ మసాలా వెయ్యక్కర్లేదు.

అత్తయ్య కాసేపు తేరిపార చూసి, "గోదావర్లో లంకలా ఉంది" అన్నారు. అంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేరు.

నేనూ మావారూ పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడ్డాం. నువ్వుల నూనె, ఆయిస్టర్ సాస్, గుడ్డు పట్టించి ఊరబెట్టిన పంది ముక్కలు, కోడి ముక్కలు, కార్జం, పలచగా కోసిన స్క్విడ్, తల తియ్యని రొయ్యలు, చేప ఉండలు, గుడ్డుతో చేసిన మెత్తటి టోఫూ. ఆకుల వరస చూసి నేను అక్కడే ఆగిపోయాను. ముందుగా "ఫక్ బుంగ్" అన్నది తూటికూర! మన చెరువు గట్ల మీద ఎవరూ పట్టించుకోని తూటికూర ఇక్కడ గంపల్లో నిగనిగలాడుతోంది. దాని పక్కన సబ్జా గింజలిచ్చే మొక్క జాతి ఆకు. సన్న తీగల్లాంటి "వున్ సెన్" పెసర పిండితో చేసిన సేమియా. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం ముక్కలు. ఒక్కొక్కటే తెచ్చి అత్తయ్య ముందు పెడుతూ పేరు చెబుతుంటే ఆవిడ మొహంలో భయం పొర పొరగా విడిపోయింది. "పెసలా? ఇవి పెసలా?" అని ఆ పారదర్శకమైన తీగలు వెలుగుకి పట్టి చూశారు.

పంది పెనం దగ్గర మరిది ఒక నియమం పెట్టాడు. పచ్చి మాంసం వెయ్యడానికి ఒక పట్టకారు, కాలింది తియ్యడానికి మరొకటి. రెండూ కలవకూడదు. "ఇది నా చాదస్తం కాదు వదినా" అన్నాడు. ఉత్తర థాయిలాండ్‌లో ఉడకని పంది మాంసం నుంచి ఒక బాక్టీరియా జ్వరం వస్తుంది. ఇక్కడి వాళ్లు దాన్ని "ఖాయ్ హూ దప్" అంటారు. చెవులు ఆరిపోయే జ్వరం అని. బతికి బయటపడ్డవాళ్లు కొందరికి వినికిడి శాశ్వతంగా పోతుంది. మావాడు ఆ మాట విని ఎర్ర పట్టకారు పచ్చిదానికి, తెల్లది కాలినదానికి అని తనే కాపలా మొదలుపెట్టాడు. ఆ రాత్రి ఆ విషయంలో వాడు తండ్రిని రెండుసార్లు ఆపాడు.

మొదటి విడతలో తప్పు చేసింది నేను. రెండు పళ్లాల నిండా తెచ్చాను. ఎదురుగా స్తంభానికి బోర్డు ఉంది, మిగిలిస్తే తూకం వేసి డబ్బు కట్టించుకుంటామని. డబ్బు సంగతి పక్కన పెడితే, నాకు సిగ్గేసింది. ఎంతైనా తినొచ్చు అనగానే చెయ్యి దానంతట అదే పెద్దదైపోతుంది. అత్తయ్య ఏమీ అనలేదు. నా పళ్లెంలోంచి సగం తన వైపు మార్చుకుని, "మెల్లిగా తిందాం అమ్మాయ్, ఎవరూ తరమట్లేదు" అన్నారు. తరవాత చిన్న గిన్నెలతో, నాలుగేసి ముక్కలే తెచ్చుకున్నాం. ఇక్కడ తినడానికి అదే సరైన పద్ధతని పక్క బల్లల్ని చూస్తే తెలిసింది. పెనం మీద పట్టేది ఎనిమిదో పదో ముక్కలు. అవి కాలే దాకా మాట్లాడుకోవాలి. వంట వేగమే తిండి వేగం.

ఈలోగా అత్తయ్య చేసిన పని నేను వెంటనే గమనించలేదు. పట్టకారు ఆవిడ చేతిలోకి ఎప్పుడు వెళ్లిందో! కోడి ముక్కలు వరసగా పేర్చి, తిప్పి, కాలినవి కాలినట్టు తీసి మా గిన్నెల్లో వేస్తున్నారు. మనవడికి రొయ్య తొక్క తీసి పెట్టారు. పెద్ద కొడుక్కి రెండు, చిన్న కొడుక్కి రెండు, నాకు రెండు. మేం తింటున్నాం, బాగుందంటున్నాం, గిన్నెలు చాపుతున్నాం. ఆవిడ గిన్నె పొడిగా, శుభ్రంగా, తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మా ఇంట్లో ఆదివారం పొద్దున మినపట్లు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను. పెనం దగ్గర అత్తయ్య, వంటింటి గుమ్మం అవతల మిగతా అందరూ. మావయ్య గారు ఉన్న రోజుల్లో ఒక అట్టుకీ ఇంకో అట్టుకీ మధ్య కంచం ఖాళీగా ఉండకూడదు. అందరివీ అయ్యాక పిండి గిన్నె అడుగు గీరి వేసిన చివరి అట్టు ఆవిడది. అప్పటికి అల్లప్పచ్చడి అడుగంటిపోయేది. ఆవిడ నిలబడే తినేసేవారు, ఎందుకంటే ఆ వెంటనే గిన్నెలు తోమడానికి మనిషి వస్తుంది. ఆవిడకి ఒంట్లో బాగాలేని ఆదివారాలు ఆ చోట నేను నిలబడతాను. నాదీ చివరి అట్టే. మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరూ ఆవిణ్ణి చివర తినమని చెప్పలేదు. పొయ్యి ఒక చోట, కంచం ఒక చోట. అంతే, మధ్యలో గోడ. ఆ గోడని నేను పదిహేనేళ్లుగా గోడగా కూడా చూడలేదు.

మరిది చూశాడు. "అమ్మా, ఆ పట్టకారు ఇటివ్వు."

"ఉండరా, ఇవి మాడిపోతాయ్."

"మాడనీ. ఇక్కడ వండేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు కాదమ్మా. నీ ముక్క నువ్వే వేసుకో, నువ్వే తిను."

ఆవిడ పట్టకారు ఇవ్వలేదు గానీ, కొంచెం తికమక పడ్డారు. ఆఖరికి ఒక రొయ్యని, ఒకే ఒక్కదాన్ని, గుమ్మటం పక్కన తన వైపు పెట్టుకున్నారు. అది బూడిద రంగు నుంచి గులాబీ రంగుకి తిరిగే దాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు. మావాడు చెయ్యి చాపితే, "అది నాది" అన్నారు. అలా ఆవిడ అనడం నేనెప్పుడూ వినలేదు. తీసి, తొక్క వలిచి, నోట్లో వేసుకుని, "అబ్బ, కాలింది" అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కళ్లలో నీళ్లు. మావారు మంచినీళ్లు అందించబోతే వద్దని చెయ్యి ఊపి, నమిలి మింగి, ఇంకో రొయ్య పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి ఆవిడ వేరే మనిషి. పక్క బల్ల దగ్గర ఒక థాయ్ ముసలమ్మ చుట్టూ ఏడుగురు కొడుకులూ కోడళ్లూ మనవలూ కూర్చున్నారు. అందరూ తలా ఒక ముక్క ఆవిడ గిన్నెలో వేస్తున్నారు, ఆవిడ తన ముక్కలు మనవరాలి గిన్నెలో వేస్తోంది. అత్తయ్య సేమియా తీగల్ని మొదట్లోనే కాలవలో వెయ్యబోతే ఆ ముసలమ్మ అటు నుంచి చెయ్యి ఊపింది. వద్దు, వద్దు. తన పెనం చూపించి, ముందు ఆకులు, ఆ తర్వాత మాంసం రసం, చివర్న సేమియా అని వేళ్లతో వరస చెప్పింది. ముందే వేస్తే చారంతా అదే తాగేస్తుందని గిన్నె వంచి ఖాళీ చేసి చూపించింది. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు. పావుగంట మాట్లాడుకున్నారు.

ఇలాంటి చోట్ల నంజుడు సాసే సగం ప్రాణం. బల్ల మీద ఉంచిన ఎర్ర సాసు నాలిక మీద పెట్టుకుని అత్తయ్య కళ్లు మూసుకున్నారు. "నువ్వులు. వెల్లుల్లి. మిరప పండు. కొత్తిమీర. తీపుంది. పులుపు చాల్లేదు." లేచి వెళ్లి, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి తరుగు, కోసిన నిమ్మకాయలు గిన్నెలో వేసుకొచ్చారు. ఈ బుల్లి మిరపకాయల్ని ఇక్కడ "ప్రిక్ ఖీ నూ" అంటారు. ఎలక పెంటిక మిరప అని. పేరు విని మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు, కొరికి చూసి నవ్వు ఆపాడు. పోర్చుగీసు నావలు రాకముందు వీళ్లకీ మిరప లేదు, మనకీ లేదు. గుంటూరు కారం అంత పాతదని మనం అనుకుంటాం గానీ, అయిదు వందల ఏళ్ల కిందట రెండు దేశాలూ మిరియంతోనే సరిపెట్టుకున్నాయి. అత్తయ్య నిమ్మరసం పిండి, చేపల సాసు రెండు చుక్కలు భయం భయంగా వేసి, చెంచాతో నలిపి చేసిన ఆ పచ్చడి గిన్నె మా బల్ల మీద మూడుసార్లు ఖాళీ అయింది. ఒకసారి పక్క బల్లకి కూడా వెళ్లింది.

అదే వరసలో ఇంకో మూల ఓ నడివయసు ఆవిడ ఎత్తయిన మట్టి రోలు ముందు నిలబడి "సోమ్ తమ్" చేస్తోంది. సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. పచ్చి బొప్పాయి కోరు, బొబ్బర కాయలు, టమాటా, వేరుశెనగ గింజలు, ఎండు రొయ్యలు, తాటి బెల్లం, నిమ్మరసం. కర్ర రోకలితో మెత్తగా నూరదు, నలిగీ నలగనట్టు కొడుతుంది. ఎడమ చేత్తో చెంచా పెట్టి కింది నుంచి తిప్పుతుంది. ఆ టక్ టక్ చప్పుడు పాట మధ్యలో కూడా వినిపిస్తూనే ఉంది. అత్తయ్య ఆ రోలు దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు. తిరిగొచ్చాక, "ఎండు రొయ్యలు వీళ్లూ తింటార్రా. పైగా పచ్చిగానే దంచేస్తోంది, వేపకుండా" అన్నారు, చుట్టాల ఇంట్లో మనకి తెలియని కొత్త పద్ధతి చూసొచ్చినట్టు. రెండు పళ్లాలు తిన్నారు. పెట్టెలోని కందిపొడి సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

రెండో గంటలోకి వచ్చేసరికి చారు మారిపోయింది. మొదట్లో వేడి నీళ్లకంటే కొంచెం మెరుగు, అంతే. ఇప్పుడు కోడి రసం, రొయ్య తలల నూనె, వెన్న, తూటికూర కాడలు, వెల్లుల్లి దిగి బంగారు రంగుకి తిరిగింది. వారానికి ఒకసారైనా వచ్చే విద్యార్థులు మొదట ఎందుకు అంత నెమ్మదిగా తింటారో అప్పుడు తెలిసింది. అసలు భోజనం ఈ చివరి అరగంటలో ఉంది. సేమియా వేశాం, గుటగుటా తాగేసింది. కెటిల్‌తో ఇంకొంచెం చారు పోశాం. పక్క బల్ల ముసలమ్మ గుడ్డు చూపించింది. అత్తయ్య కాలవలో గుడ్డు కొట్టి, చెంచాతో ఒక్కసారి తిప్పారు. అది తెల్లటి దారాలుగా సేమియాకి చుట్టుకుంది. ఆ చెంచాడు నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు చారు, పులుసు, గంజి, మా అమ్మ జ్వరం పూట ఇచ్చే మిరియాల కట్టు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ రుచికి ఒక్క పేరు పెట్టడం నాకు చేతకాలేదు.

గుమ్మటం మీద మాత్రం మాడు పేరుకుంది. పెనం మార్చమంటే మారుస్తారు, డబ్బు అడగరు. పెనం మాడు కట్టాక దాని మీద కాల్చింది చేదెక్కుతుంది, మార్చుకోవడానికి మొహమాటపడకూడదు. కుర్రాడు కొత్త పెనం తెచ్చాడు, నాలుగు నిప్పులూ వేశాడు. మేమంతా చాలనుకుని వెనక్కి వాలాం. అత్తయ్య మాత్రం కొత్త పెనం వైపు, మిగిలిన నాలుగు కోడి ముక్కల వైపు చూసి, కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "మీరు మాట్లాడుకోండర్రా" అని, నాలుగూ తన వైపే పేర్చుకున్నారు.

బయటికి వచ్చేసరికి చలి. జనవరి రాత్రులు ఇక్కడ సన్నటి శాలువా అడుగుతాయి. బట్టల నిండా పొగ వాసన. ఆ పక్క బల్ల ముసలమ్మ కూడా అప్పుడే లేచింది. అత్తయ్యకి దణ్ణం పెట్టింది. అత్తయ్య దణ్ణం పెట్టి, "వెళ్లొస్తానమ్మా, మా ఊరు రా" అన్నారు. ఎర్ర బండిలో మావాడు బాబాయ్ ఒళ్లో నిద్రపోయాడు. అత్తయ్య చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. "బొగ్గు వాసన" అన్నారు నాతో. "మా అమ్మ చీరకి ఉండేది."

మిగతా యాత్రంతా మామూలే. ఏనుగుల్ని చూశాం, గొడుగులు తయారుచేసే ఊరు చూశాం, తిరుగు విమానం నాలుగు గంటలు ఆలస్యం.

రాజమండ్రి వచ్చిన మొదటి ఆదివారం. ఎప్పట్లాగే వంటింట్లో పెనం, గుమ్మం అవతల మావారూ పిల్లాడూ. నేను కొబ్బరి పచ్చడి తాలింపు పెడుతున్నాను. రెండు అట్లు బయటికి వెళ్లాయి. మూడోది ఎర్రగా, అంచులు కరకరలాడుతూ లేచింది. అత్తయ్య దాన్ని తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టి, ఇంకోటి పచ్చట్లో అద్దుకున్నారు.

"అమ్మా, ఇంకోటి!" అని అవతలి నుంచి మావారి గొంతు.

"ఆగరా" అన్నారు అత్తయ్య, నోటి నిండా అట్టుతో. "మేం తింటున్నాం."